వినే చెవి: ఉప్పల్, నాచారం విద్యాలోకమునకు ఒక చరిత్ర పాఠము

ఉప్పల్, నాచారం ఒకప్పుడు నగరమునకు తూర్పుననున్న పల్లెలు. 1961లో స్థాపింపబడిన ఎన్.జి.ఆర్.ఐ., దాని తరువాత సి.సి.ఎం.బి. ఉప్పల్ రోడ్డు మీద వెలసినవి. నాచారంలో కర్మాగారములు లేచినవి. పని వెదకుచు అనేక జిల్లాల నుండి కుటుంబములు వచ్చి అద్దె యిండ్లలో చేరినవి. 2007లో ఉప్పల్ పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసినది. 2017లో మెట్రో రైలు వచ్చినది. బడులు, జూనియర్ కళాశాలలు పెరిగినవి. పెరగనిది ఒకటున్నది. పల్లె బడిపంతులు పిల్లవాని తాతను సైతము ఎరుగును; ముఖము చూచియే ఇంటి కష్టమును కనిపెట్టును. ఇక్కడ పంతులుగారు కూడ అద్దె యింటివారే.

చదువుల ఒత్తిడి ఈ ప్రాంతమునకే పరిమితము కాదు. విద్యార్థుల ఆత్మహత్యలను పరిశీలించుటకు 2001లోనే ఆచార్య నీరదా రెడ్డి గారి అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడినది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొద్ది దినములలో ఇరువదిమంది వరకు బిడ్డలను పోగొట్టుకొంటిమి. జవాబు పత్రములను మరల చూడగా, తప్పినట్లు ప్రకటింపబడినవారిలో వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. అట్టి మరణమునకు కారణము ఒక్కటే అని ఎవరును చెప్పలేరు. అయినను ఆ దినములలో ఆ బిడ్డలకు మనసు విప్పి చెప్పుకొనుటకు ఎవరుండిరి?

ఈ ప్రశ్నను లండనులో ఒక సంఘకాపరి ముందుగా అడిగెను. 1953లో చాడ్ వారా గారు తన దేవాలయములో ఒక టెలిఫోను ఉంచి, బ్రదుకు మీద ఆశ విడిచినవారు పిలువవచ్చునని ప్రకటించెను. జనము రాసాగిరి. వారు వేచియుండగా స్వచ్ఛంద సేవకులు తేనీరు ఇచ్చి మాటాడుచుండిరి. కొన్ని నెలలకే ఆయన ఒకటి గ్రహించెను: అనేకులు ఆయనను చూడకుండగనే భారము తీరి వెళ్లుచున్నారు! వారికి కావలసినది ప్రసంగము కాదు, వినువారు. ‘సమారిటన్స్’ అను సేవ అట్లు బలపడినది. ఆ మార్గముననే 1986లో మద్రాసులో ‘స్నేహ’, 1997లో సికింద్రాబాదులో ‘రోష్ని’ ప్రారంభమైనవి.

ప్రభుత్వమును ఆలస్యముగానైనను మేల్కొన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరున ఉచితముగా తెలుగులోనే మాటాడవచ్చును. విశాఖపట్నములో మరణించిన ఒక విద్యార్థిని వ్యాజ్యములో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరు ఉండవలెనని, మార్కులను బట్టి పిల్లలను వేరు చేయుట, అందరి యెదుట అవమానించుట మానవలెనని, సిబ్బందికి ఏటా కనీసము రెండుమారులు శిక్షణ ఇయ్యవలెనని ఆదేశించినది.

అయితే ఉపాధ్యాయుని గోడు వినువారెవరు? కరోనా కాలములో బడులు మూతపడగా ప్రైవేటు ఉపాధ్యాయులు అనేకులు జీతము లేక కూలికి, కూరగాయల బండికి పోయిరి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చినది. మంచిదే. కాని నిన్నటి వరకు ‘సార్’ అని పిలిపించుకొన్నవాడు తలవంచుకొని నిలిచిన బాధను బియ్యము తీర్చదు. తన దుఃఖమును దాచుకొన్న గురువు శిష్యుని దుఃఖమును ఎట్లు కనిపెట్టును?

కనుక మనము చేయదగినవి కొన్ని గలవు. ఫలితముల వారములో దేవాలయపు గది తలుపు సాయంకాలము తెరచి యుంచుదము; ఏ మతము వారైనను వచ్చి కూర్చుండవచ్చును. నెలకొకసారి ఉపాధ్యాయులను పిలిచి, బోధింపక, విందము. దిగులును అవిశ్వాసమని నిందింపకుందము. ‘ఎర్రగడ్డ’ అను మాటను ఎగతాళికి వాడు అలవాటు మానుదము. వైద్యుడు అవసరమైనచోట సిగ్గుపడక తోడు వెళ్లుదము. మార్కుల జాబితా చేతబట్టుకొని గుమ్మములో నిలిచిన బిడ్డను మొదట “అన్నము తింటివా?” అని అడుగుదము. మార్కుల సంగతి తరువాత.