గడప మీద అనాసపండు

డిసెంబరు వచ్చిందంటే వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ వీధుల్లో జనం ఇళ్లకన్నా తలుపులనే ఎక్కువ చూస్తారు. ఒక తలుపుకి యాపిల్స్, నిమ్మకాయలు గుచ్చిన పచ్చటి ఆకుల చక్రం. పక్కింటి గుమ్మం పైన విసనకర్రలా విచ్చుకున్న యాపిల్ వరస, దాని నడుమ కిరీటంతో సహా అనాసపండు. ఇంకో ఇంటికి ఆల్చిప్పలు, పగిలిన పత్తికాయలు, ఎండిన తామరకాయలు. ఈ చక్రాన్ని అక్కడ రీత్ అంటారు. తెలుగునాట పూలచక్రం కనిపిస్తే ఎవరికి నివాళి అని అడుగుతారు గానీ, అమెరికాలో అది పండగ గుర్తు.

వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మూడు గంటలు కారు నడుపుకుని వెళ్లి, ఈ తలుపుల ముందు ఫొటోలు దిగి, ‘రెండొందల యాభై ఏళ్ల నాటి ఆచారమట’ అని ఇంటికి పంపిస్తుంటాయి.

ఆ ‘అట’లోనే ఉంది అసలు కథ.

విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. ఆ హోదా రిచ్‌మండ్‌కు తరలిపోయాక ఊరు కళ తప్పింది. 1926లో ఇక్కడి బ్రూటన్ పారిష్ చర్చి మతగురువు గుడ్విన్ పట్టుపట్టి ఒప్పిస్తే, కుబేరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బు పెట్టాడు. నిలిచి ఉన్న ఇళ్లను బాగుచేశారు, కూలిపోయినవాటిని పాత పునాదుల మీద మళ్లీ లేపారు. గవర్నర్ ప్యాలెస్ 1934లో తెరుచుకుంది. ఊరైతే తయారైంది. మరి క్రిస్మస్‌కి వచ్చేవాళ్లకు ఏం చూపించాలి?

పాత కాగితాలు పెద్దగా అక్కరకు రాలేదు. అమెరికాలో క్రిస్మస్ మొదటినుంచీ ఇంత ఆర్భాటంగా జరిగిందనుకుంటే పొరపాటు. మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు 1659లో పండగనే నిషేధించి, చేసుకున్నవాళ్లకు అయిదు షిల్లింగుల జరిమానా వేశారు. ఆ చట్టం 1681 దాకా నడిచింది. వర్జీనియాలో అంత పంతం లేదు. 1773లో నోమినీ హాల్ అనే ఎస్టేటులో పిల్లలకు చదువు చెప్పిన ఫిలిప్ ఫిథియన్ డైరీ చూస్తే పండగంటే నాట్యాలు, నక్కల వేట, విందులు, తుపాకుల మోత. చర్చిలో పచ్చటి కొమ్మలు కట్టేవారు. ఆ కాలపు ఇంగ్లండ్ బొమ్మల్లో కిటికీ అద్దాలకు గుచ్చిన హాలీ రెమ్మలు కనిపిస్తాయి. వీధి తలుపుకి పళ్లు దిగ్గొట్టినట్టు మాత్రం దాఖలా లేదు.

ఆ లోటు పూడ్చిన మనిషి లూయీస్ ఫిషర్. పునరుద్ధరించిన ఇళ్లలో పూల అలంకరణ ఆవిడ బాధ్యత. ఆవిడకు రెండు ఆధారాలు దొరికాయి. ఒకటి, లండన్ పక్కన కెన్సింగ్టన్‌లో నర్సరీ నడిపిన రాబర్ట్ ఫర్బర్ 1730లో అచ్చువేసిన పన్నెండు నెలల పూల బొమ్మలు. నెలకొక గుత్తి, ప్రతి పువ్వుకీ ఒక అంకె, అడుగున పేర్ల పట్టిక. చూడటానికి కళాఖండమే, ఉద్దేశం మాత్రం మొక్కలు అమ్ముకోవడం. రెండోది, పదిహేనో శతాబ్దపు ఫ్లారెన్స్ శిల్పి లూకా డెల్లా రోబియా మెరుగుమట్టితో చేసిన పళ్ల దండలు. లండన్ గుత్తినీ ఇటలీ దండనీ కలిపి వర్జీనియా తలుపుకి వేలాడదీస్తే ఇప్పటి విలియమ్స్‌బర్గ్ శైలి అయింది. అంటే దీని వయసు ఇంకా వందేళ్లు కూడా నిండలేదు.

అసలు పద్దెనిమిదో శతాబ్దపు గృహిణి ఈ తలుపు చూస్తే గుండె బాదుకునేది. అనాస, నారింజ, నిమ్మ కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో రావాలి. వాటిని బల్ల మీద పేర్చి అతిథుల ముందు గొప్పలు పోతారు గానీ, చలిలో ఉడతలకు వదులుతారా? ఆ బల్లల వెనక వంటిళ్లలో చాకిరీ చేసినవాళ్లు వేరు. స్వాతంత్ర్య పోరాటం నాటికి ఊరి జనాభాలో సగానికి పైగా నల్లజాతివాళ్లే, వాళ్లలో దాదాపు అందరూ బానిసలే.

పనితనం మాత్రం ముచ్చటైనది. యాపిల్ గోపురం కట్టాలంటే శంకువు ఆకారపు కొయ్యదిమ్మకు చుట్టూ మేకులు కొడతారు. కింది వరస నుంచి ఒక్కో పండూ మేకుకి గుచ్చుతూ, సందుల్లో బాక్స్‌వుడ్ రెమ్మలు దూర్చి, కొసన అనాసను నిలబెడతారు. పండు గట్టిగా ఉండాలి, మెత్తబడితే మర్నాడే జారిపోతుంది. తాజా పూలు దొరకని కాలం కాబట్టి వేసవిలో కోసి, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టిన కోడిజుట్టు పూలు, బొగడబంతులు గుత్తుల్లోకి ఎక్కుతాయి. ఈ రెండింటి విత్తనాలూ చల్లినట్టు థామస్ జెఫర్సన్ తన తోట పుస్తకంలో 1767 ఏప్రిల్‌లో రాసుకున్నాడు. కోడిజుట్టుదీ బతుకమ్మలో పేర్చే గునుగుదీ ఒకే జాతి. తెలంగాణ ఆడపడుచు ఎవరైనా ఆ ఎండుగుత్తి ముందు ఒక్క క్షణం ఆగకుండా ఉండదు.

ఈ ఊరి అలంకరణల్లో వయసు కచ్చితంగా తెలిసిన పాతది క్రిస్మస్ చెట్టు. దాన్ని తెచ్చినవాడు వలస వచ్చిన మనిషి. చార్లెస్ మిన్నిగెరోడ్ జర్మనీలో రాజకీయాల వల్ల జైలుపాలై, తర్వాత అమెరికా చేరి, ఇక్కడి విలియం అండ్ మేరీ కళాశాలలో లాటిన్, గ్రీకు చెప్పేవాడు. 1842లో సహోద్యోగి టక్కర్ ఇంట పిల్లల కోసం ఒక చెట్టు కొట్టి తెచ్చి, కొవ్వొత్తులూ రంగుకాగితాలూ కట్టి, తన ఊళ్లో పండగ ఎలా ఉంటుందో చూపించాడు.

జనవరి మొదట్లో ఈ తలుపుల మీది పళ్లు దించేస్తారు. సరిగ్గా అప్పుడే ఉత్తర వర్జీనియా తెలుగు ఇళ్లలో గొబ్బెమ్మల హడావుడి మొదలవుతుంది. బయట మంచు, గుమ్మడిపువ్వు ఎక్కడా దొరకదు. సూపర్ మార్కెట్‌లో కొన్న పసుపు చామంతిని తుంచి, పసుపుముద్ద మీద గుచ్చి, అదే గుమ్మడిపువ్వు అని పిల్లలకు చెబుతారు.