కుముద్‌బెన్ జోషి: రాజ్‌భవన్, జోగిని, కామాఠీపురా

ఆంధ్రప్రదేశ్ పూర్వ గవర్నరు కుముద్‌బెన్ మణిశంకర్ జోషి 2022 మార్చి 14న గుజరాత్‌లోని నవ్‌సారి జిల్లాలో, తమ స్వగ్రామం ధనోరిలో, 88 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. దాదర్‌లో రైలెక్కితే సూరత్ రాకముందే తగిలే ప్రాంతమది. 1960 దాకా బొంబాయి రాష్ట్రంలోనిదే. తెలుగువారు ఆమెను ఎన్.టి. రామారావుతో పడిన తగవుల వల్లనే గుర్తు పెట్టుకున్నారు. ముంబయి తెలుగువారికి మాత్రం ఆమెను తలచుకోవడానికి మరో కారణం ఉంది.

ముందుగా ఆ తగవుల మాట. 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నెల తిరగగానే రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు గాని, రాజ్‌భవన్ మీద అనుమానం పోలేదు. అటువంటి చోటికి 1985 నవంబరు 26న, అప్పటికి పన్నెండేళ్లుగా రాజ్యసభలో ఉన్న, కేంద్రంలో ఉపమంత్రిగా పనిచేసిన కాంగ్రెసు నాయకురాలు వచ్చారు. శారదా ముఖర్జీ తరువాత ఆ పదవిలో రెండవ మహిళ ఆమె. గవర్నరంటే గడప దాటని మనిషి అనుకునే అలవాటును ఆమె తొలి రోజుల్లోనే చెరిపేశారు. 1987 సెప్టెంబరు నాటికి జిల్లాలకు 108 పర్యటనలు చేశారు. 23 జిల్లాల్లో ఆమె అడుగు పెట్టనిది లేదు. ‘చేతన’ అనే స్వచ్ఛంద సంస్థను నెలకొల్పారు. పోటీ ప్రభుత్వం నడుపుతున్నారని తెలుగుదేశం మండిపడింది. మంత్రివర్గ సలహా మేరకు నడవవలసిన పదవి అది. రాజ్యాంగం దృష్టితో చూస్తే తెలుగుదేశం వాదనలో బలముందనే మా అభిప్రాయం.

అయితే ఆ తిరుగుడే ఒక చోట మేలు చేసింది. నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణం, లవణం దంపతులు జోగిని దురాచారంపై పనిచేస్తున్నారు. ఎల్లమ్మకో పోచమ్మకో వదిలిన దళిత బాలిక పెద్దదయ్యాక పెళ్లికి నోచుకోదు, ఊరి పెద్దల పాలవుతుంది. రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ అన్న పేర్లతో ఉన్నదీ ఇటువంటిదే. జోషి గారు ఈ పనికి అండగా నిలిచి, జోగినుల పెళ్లిళ్లను ప్రోత్సహించారు. గవర్నరు వస్తే వెంట కలెక్టరు వస్తాడు, పోలీసు అధికారి వస్తాడు. జోగినిని మనిషిగా లెక్కపెట్టని ఊరిపెద్దలు ఎదురు వెళ్లవలసి వస్తుంది. సంస్కర్తల మాటకు లేని బరువు ఆ రాకకు ఉంది.

ఇక కామాఠీపురా. నిజాం రాజ్యం నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చి ఈ నగరం కట్టడాలకు రాళ్లు మోసిన తెలుగు కూలీల పేరు మీద వెలసిన పేట అది. ఆ పేరు తరువాత మరో వృత్తికి పర్యాయపదమైంది. చిరునామా చెప్పుకోవడానికి జంకే కామాఠీ కుటుంబాల బాధ మనలో చాలామందికి తెలుసు. ఆ వేశ్యాగృహాలకు చేరిన స్త్రీలలో కర్ణాటక, మహారాష్ట్రల దేవదాసీలతో పాటు తెలంగాణ జోగినులూ ఉన్నారు. చాళ్లలోని కూలీలూ, ఆ గదుల్లోని స్త్రీలూ ఒకే జిల్లాల నుంచి, ఒకే కరువు వల్ల వచ్చినవారు. మన సంఘాల చరిత్రల్లో మొదటివారికి చోటుంది, రెండవవారికి లేదు.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. బొంబాయిలో దేవదాసీ రక్షణ చట్టం 1934లోనే వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో నిషేధం వచ్చింది గాని, అది నిజాం పాలనలోని తెలంగాణకు వర్తించలేదు. ఆ లోటు తీర్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1988లో వచ్చింది. దాని ప్రకారం బాలికను దేవతకు అంకితం చేసినవారికి మూడేళ్ల దాకా, తల్లిదండ్రులో సంరక్షకులో అయితే అయిదేళ్ల దాకా జైలు. అప్పుడు ముఖ్యమంత్రి రామారావు, గవర్నరు జోషి. దాదాపు ప్రతి విషయంలోనూ పేచీపడిన ఆ ఇద్దరి హయాంలోనే అది వచ్చింది.

1990 ఫిబ్రవరి 7న ఆమె పదవి వీడారు. తరువాతి కాలంలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ అధ్యక్షురాలయ్యారు. దాని ప్రధాన కార్యాలయం మన విలేపార్లేలోనే ఉంది. అక్కడి నుంచి కామాఠీపురాకు లోకల్ రైల్లో గంట దూరం కూడా లేదు.