కొత్త జాజు ప్లేట్లు – పాలకొల్లు మాండలిను

చెన్నపట్నంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు గ్రామఫోను ప్లేటు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఘంటసాల వారి పుష్పవిలాపం, ద్వారం వారి ఫిడేలు, టంగుటూరి సూర్యకుమారి పాటలు పెద్దల నోట ఇప్పటికీ వింటూనే ఉంటాము. నేను వ్రాయబూనినది వాటిని గురించి కాదు. అదే పెట్టెమీద పెడితే ఇంట్లోవారు ‘ఆ గోల ఆపండి’ అనే ప్లేట్లను గురించి. 1959 ప్రాంతాన అమెరికాలో తలయెత్తిన కొత్త జాజు అది. ఆ ప్లేట్లను ఏరి కొనుక్కొని దాచుకొనే పిచ్చి నాకున్నది. గుమాస్తా జీతంతో ఇది తగునా అని మా ఇంటావిడ అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు లేదు గాని, ఈ సంగీతపు చరిత్రలో మన పాలకొల్లుకూ, పుట్టపర్తికీ, ఈ మదరాసుకూ చోటున్నదని మాత్రం చెప్పగలను.

జాజు అమెరికాలోని నల్లజాతివారి సంగీతం. ఒక పాటను తీసుకొని, దాని వెనుక వరుసగా మారే స్వరకూటములకు లోబడి, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు కల్పన చేయడం దాని పాత పద్ధతి. టెక్సాసు నుంచి వచ్చిన ఆర్నెట్ కోల్మన్ అనే ఆయన ఆ చట్రాన్ని తీసివేశాడు. 1960 డిసెంబరు 21న ఎనిమిది మందిని రెండు జట్లుగా కూర్చోబెట్టి ముప్పది యేడు నిమిషాల పాటు ఒకే వాద్యం వాయింపించాడు. దాని పేరు ‘ఫ్రీ జాజ్’. ఒక జట్టు ఎడమ స్పీకరులో, రెండవ జట్టు కుడి స్పీకరులో వినబడుతుంది. ఒకే స్పీకరున్న పాత పెట్టెమీద విని దానిని గోల అన్నవారిని నేను పూర్తిగా తప్పుపట్టను. రెండు స్పీకర్ల మధ్య కూర్చొని వింటే అది ఇద్దరు పౌరాణికుల వాదంలాగా విడివిడిగా తెలుస్తుంది.

ఇక్కడ ప్లేటు సంగతి కొంచెం చెప్పాలి. పది అంగుళాల లక్క ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగి మూడు నిమిషాల చిల్లరలో అయిపోయేది. దానిలో రాగాలాపన అంటే గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయిన చుట్టం వంటిదే. 1948లో అమెరికాలో వినైలుతో చేసిన ఎల్.పి. వచ్చిన తరువాత ఒక్కొక్క పక్కన ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. ఆ చోటు లేకపోతే కొత్త జాజు ప్లేటు ఎక్కేదే కాదు. ఆ చోటులోనే మన దేశపు సంగీతం కూడా పడమటి చెవులకు చేరింది.

చేరినవారిలో ముఖ్యుడు శాక్సొఫోను వాయించే జాన్ కోల్ట్రేన్. 1961 నవంబరులో న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న హాలులో ఆయన ‘ఇండియా’ అనే వాద్యం వాయించాడు. అది 1963లో ‘ఇంప్రెషన్స్’ అనే ఎల్.పి.లో వచ్చింది. ఇద్దరు బాసు వాద్యగాళ్ళు కలిసి తంబురా శ్రుతిలాగా ఒకేచోట నిలబడతారు. ఇది ఏ రాగమని అడిగితే చెప్పలేము. మన సంగీతాన్ని వీధిలో నిలబడి విన్నవాడు ఇంటికి పోయి కట్టుకున్న పాట అది. అందుకే నాకు ఇష్టం. పండిట్ రవిశంకర్ గారి మీది గౌరవంతో 1965లో పుట్టిన తన కొడుకుకు రవి అని పేరు పెట్టాడాయన. అదే యేడు పదకొండు మందితో ‘ఎసెన్షన్’ రికార్డు చేశాడు. 1966లో ప్లేటు అచ్చయి వచ్చిన తరువాత, తాను కోరినది ఇంకొకసారి వాయించినదని ఆయన అనగా, అట్ట మార్చకుండానే లోపలి వాద్యం మార్చారు. తరువాతి ప్లేట్లలో, గీతలు అయిపోయిన నున్నని చోట ‘ఎడిషన్ రెండు’ అని చెక్కి ఉంటుంది. ప్లేట్లు సేకరించేవాడు దానిని దీపానికి ఎత్తి చూసేది ఇందుకే. పాట వినకుండా అట్టు తిరగేసినట్టు ప్లేటు తిరగేస్తాడేమిటని పక్కవారు నవ్వుతారు.

కోల్ట్రేన్ 1967లో చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ హార్పు వాయించేది. ఆమె కోయంబత్తూరు ప్రాంతపు స్వామి సచ్చిదానంద వద్ద ఉపదేశం పొంది, 1970లో ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ రికార్డు చేసింది. అది తంబురాతో మొదలవుతుంది. ఆ తరువాత పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలైంది. 1978 తరువాత చాలాకాలం బజారు ప్లేట్లు మానివేసి, కాలిఫోర్నియాలోని తన ఆశ్రమంలో భజనలు పాడి క్యాసెట్లుగా ఇచ్చింది. 2017లో వాటిని ఏర్చి మళ్ళీ వినైలు మీద వేశారు. అందులో ‘హరి నారాయణ’, ‘కేశవ మురహర’ వింటే మన రామమందిరంలో శనివారపు భజనే నల్లజాతివారి చర్చి గొంతుతో వినబడుతుంది. నా ప్లేట్లలో మా ఇంటావిడ మళ్ళీ పెట్టమన్నది ఇదొక్కటే.

మదరాసు వైపు నుంచి కూడా రాకపోకలున్నవి. డేవ్ బ్రూబెక్ 1958లోను, డ్యూక్ ఎల్లింగ్టన్ 1963లోను ఈ ఊరికి వచ్చి వాయించారు. వారిది కొత్త జాజు కాదనుకోండి. చార్లీ మరియానో అనే అమెరికను దక్షిణదేశం వచ్చి నాగస్వరం నేర్చుకొని ప్లేట్లలో వాయించాడు. మన విక్కు వినాయకరాం గారి ఘటం 1976లో వచ్చిన ‘శక్తి’ ప్లేటుతో లోకమంతా తిరిగింది.

కాని తెలుగువారు గుండెమీద చేయి వేసుకొని చెప్పుకోదగిన ఘట్టం 1983లో జరిగింది. పశ్చిమ గోదావరి పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు కావడం చేత, ఆరేళ్ళకే ఇంట్లో ఉన్న మాండలిను చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడి చూపేవారు, కుర్రవాడు దానిని తీగమీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచ్చేరి. తరువాత కుటుంబం మదరాసు చేరింది, మనందరి కుటుంబాలలాగే. మాండలిను పడమటి వాద్యం, ఎనిమిది తీగలు, గమకానికి లొంగదు. శ్రీనివాస్ దానిని ఐదు తీగల విద్యుత్ వాద్యంగా మార్చుకున్నాడు. పదునాలుగేళ్ళ ఈ పిల్లవాణ్ణి పశ్చిమ బెర్లిను జాజు ఉత్సవానికి పిలిచారు. అరగంటకని పిలిస్తే శ్రోతలు వదలక మరికొంతసేపు వాయింపించుకున్నారని చెబుతారు.

జాజు ఉత్సవంలో కర్ణాటక కచ్చేరి ఎలా రక్తి కట్టిందని అనేకులు ఆశ్చర్యపడతారు. నాకు అంత ఆశ్చర్యం లేదు. ఒకే శ్రుతిమీద అరగంటసేపు కల్పనను ఓపికగా వినడం ఆ శ్రోతలకు అప్పటికి ఇరవై యేళ్ళుగా అలవాటు. ఆ అలవాటు చేసినవి కోల్ట్రేన్ ప్లేట్లు. ఆయన ఇక్కడినుంచి తీసుకున్న అప్పు బెర్లినులో మన పాలకొల్లు పిల్లవాడి చేతిలో జమ అయిందని నా లెక్క. శ్రీనివాస్ తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి చాలాకాలం వాయించి, 2014 సెప్టెంబరు 19న ఈ చెన్నపట్నంలోనే నలుబదియైదవ యేట కన్నుమూశాడు.

ఇటువంటి ప్లేట్లు ఒకప్పుడు మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల పక్కన దొరికేవని మా ఆఫీసు పెద్దలు చెబుతారు. దొరలు ఊరు విడిచిపోతూ అమ్మినవీ, ఓడల మీద వచ్చినవీ అక్కడికే చేరేవట. 1900లో తెరచిన ఆ బజారు 1985 మే 30న కాలిపోయింది. వినైలు నిప్పుకు ఆగదు. ఆ రాత్రి ఎన్ని పాటలు కరిగి ముద్దయినవో లెక్క వ్రాసినవారు లేరు. ఆ స్థలంలోనే నేడు రైల్వే కాంప్లెక్సు ఉన్నది. నేను కూర్చొని టిక్కెట్లిచ్చే కౌంటరు అందులోనిదే. కొట్లవారిని అల్లికుళం కాంప్లెక్సుకు మార్చారు.

మిగిలినవి మన అటకలమీద ఉన్నవి. మన పేటలలో పెద్దవారు పోయిన తరువాత పాత కాగితాలవాడికి కిలోల లెక్కన పోతున్నవి కూడా. ఉగాది వెళ్ళగానే అగ్నినక్షత్రం వస్తుంది. ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పడుకోబెడితే ఈ ఊరి ఎండకు అప్పడాలలాగా వంగిపోతవి. పుస్తకాలలాగా నిలబెట్టి, పడమటి గోడకు దూరంగా ఉంచండి. అమ్మివేయదలచిన వారు తూకం వేయించే ముందు అట్టలమీది పేర్లు ఒకసారి చదివించండి. ఆదివారాలు నాకు సెలవే.