చిరునామా చీటీ – దాని పూర్వకథ

ఉత్సవసంచిక అచ్చయి వచ్చిన దినమున అందఱి చూపును ముఖచిత్రముమీదనే నిలుచును. ఆపైన విషయసూచిక, తరువాత వ్యాసములు. కాని సంచికను పాఠకుని యింటికి చేర్చునది వీనిలో నేదియు కాదు. కవరుమీద అంటించిన చిన్న చిరునామా చీటీ. రచయితకు గౌరవము, చిత్రకారునికి ప్రశంస దక్కును. చీటీ మాత్రము కవరుతోపాటు చెత్తబుట్ట పాలగును. దానికిని ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రను తలచుకొనుటకు భవానీపూరు తగిన చోటు.

ఈ పేటలోని హరీశ్ ముఖర్జీ రోడ్డున నడచువారిలో ఎందఱికో ఆ మహాశయుడు మనవంటి ప్రభుత్వోద్యోగియే యని తెలియదు. 1824లో జన్మించిన హరీశ్ చంద్ర ముఖర్జీ సైనిక లెక్కల తనిఖీ కార్యాలయమున నెలకు 25 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. 1853లో ఆరంభమైన ‘హిందూ పేట్రియట్’ ఆంగ్ల వారపత్రిక కొలది సంవత్సరములలో ఆయన చేతికి వచ్చెను. దాని ముద్రాలయమును భవానీపూరుకు మార్చిరి. పగలు కచేరీ లెక్కలు, తక్కిన వేళ పత్రిక పని. 1859–60లలో నీలిమందు రైతుల గోడును ఆ పత్రిక లోకమునకు చాటెను. 1861 జూన్ నెలలో, నలువదేండ్లయిన నిండకమునుపే, ఆయన కన్నుమూసెను. రైతు గోడు భవానీపూరులో అచ్చయినంతమాత్రమున చాలదు. దానిని చదువవలసినవాని బల్లమీదికి అది చేరవలయును. చిరునామా పని అక్కడ మొదలగును.

అందుకు తపాలా తోడ్పడెను. 1854 అక్టోబరు 1వ తేదీనుండి దేశమంతటికిని తపాలాబిళ్లలు వాడుకకు వచ్చెను. ఉత్తరపు రుసుమును దూరమునుబట్టి గాక తూకమునుబట్టి కట్టసాగిరి. అర్ధణా బిళ్లలను కలకత్తాలోనే శిలాముద్రణమున అచ్చువేసిరి. పత్రికను మడిచి, కాగితపు పట్టీ చుట్టి, దానిపై చందాదారుని పేరు చేతితో వ్రాయుట నాటి పద్ధతి. చందాదారులు వేలకు పెరిగిన దేశములలో, ముఖ్యముగా అమెరికాలో, ముద్రాపకులు ఒక ఉపాయము పన్నిరి. చిరునామాలన్నింటిని సీసపుటక్షరములతో ఒకమాఱు కూర్చి, విడదీయక పళ్లెములలో నిలువచేసి, ప్రతి సంచికకును వానినే అచ్చువేసి, ఆ పట్టీలను ముక్కలుగా కత్తిరించి అంటించుచుండిరి. చందాదారుడు ఇల్లు మారినచో ఒక పంక్తిని తీసి మఱియొకటి పెట్టిన చాలును.

తెలుగులిపికి ఈ ఉపాయము అంత సులభము కాదు. వంగదేశమునకు తెలుగచ్చు క్రొత్త యని కాదు. భవానీపూరుకు ఉత్తరమున, హుగ్లీనది ఆవలి గట్టున నున్న శ్రీరాంపూరులో 1800లో మిషను ముద్రాలయము వెలసెను. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో అచట అచ్చయ్యెను. చిక్కు మన లిపిలో నున్నది. గుణింతములకు, ఒత్తులకు వందలకొలది అచ్చుదిమ్మెలు కావలయును. చిరునామాలకై వానిని పళ్లెములలో బంధించి యుంచినచో, వ్యాసము కూర్చుటకు కంపోజిటరుకు అక్షరములు కఱవగును.

పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలో జోసెఫ్ డంకన్ అను నతడు అడ్రెస్సోగ్రాఫు యంత్రమును నిర్మించెను. పిమ్మట ఒక్కొక్క చిరునామాకు ఒక్కొక్క లోహపు పలక వాడుకకు వచ్చెను. 1935లో స్టాంటన్ ఏవరీ తనంత తానే అంటుకొను చీటీలను తయారుచేయగా, జిగురుగిన్నె పనియు తప్పెను.

సీసము బరువును పూర్తిగా దించినది కంప్యూటరు. డొనాల్డ్ నూత్ అను గణితశాస్త్రజ్ఞుడు తన గ్రంథముల అచ్చు తీరు నచ్చక, 1977లో ‘టెక్’ అను అక్షరకూర్పు వ్యవస్థకు పూనుకొనెను. తరువాత లెస్లీ లాంపోర్టు దానిపై ‘లాటెక్’ను నిర్మించెను. చిరునామాలను ఒక పత్రమున వరుసగా వ్రాసి, ఒకదానికి మఱొకదానికి నడుమ ఖాళీ పంక్తి విడిచి, పుటకు నిలువు వరుసలెన్నో, అడ్డు వరుసలెన్నో తెలిపినచో, తక్కిన కూర్పు అదియే చేయును. 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవుగల కాగితమున 70కి 37 మిల్లీమీటర్ల చీటీలు ఇరువదినాలుగు పట్టును. పొడవున మిగులునది ఒక్క మిల్లీమీటరే. వరుసకు ఒక మిల్లీమీటరు తప్పు కొలిచినచో ఎనిమిదవ వరుసకు ఏడు మిల్లీమీటర్లు జరిగి, ఒకరి వీధి మఱొకరి చీటీపైకి పోవును. కావున ముందు సాదా కాగితముపై అచ్చువేసి, చీటీల కాగితముతో జతచేసి వెలుతురునకెత్తి చూచుకొనుట మేలు.

ఒత్తులకు అచ్చుదిమ్మెల కఱవు నేడు లేదు. యూనికోడు వచ్చిన పిమ్మట ఒకే చీటీపై పేరు తెలుగునను, వీధి బంగాళీ లేక ఆంగ్లలిపిలోను అచ్చువేయవచ్చును. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చుటచే, భవానీపూరుకు 700025 అని వ్రాసినచో ఏ రాష్ట్రపు తపాలాబంటుకైనను దారి తెలియును.

అయినను యంత్రమునకు తెలియనిది ఒకటి కలదు. ఒక సంఘమువారి సంచిక, మా తండ్రిగారు గతించిన మూడేండ్లవఱకును ఆయన పేరనే మా యింటికి వచ్చుచుండెను. చీటీపై అక్షరములు ముత్యములవలె నుండెడివి. అంచులు తీరుగా నుండెడివి. మా అమ్మగారు ఆ కవరును చేతబట్టుకొని కొంతసేపు మాటాడకుండెడివారు. తప్పు అచ్చుది కాదు, పట్టికది. నిలువయుంచిన సీసపు పంక్తిని తీయుటకైనను, కంప్యూటరులోని పంక్తిని చెఱుపుటకైనను, ఎవరు బదిలీయైరో, ఎవరు పదవీవిరమణ చేసిరో, ఎవరు లేరో విచారించు మనుష్యుడొకడు ఉండవలయును.

బదిలీలే బ్రతుకైన మనకు ఇది మఱింత సత్యము. పరవూరిలో తెలుగుపేరు పొల్లుపోకుండ అచ్చయి యింటికి వచ్చుటకంటె ఆత్మీయమైన పిలుపు వేఱొకటి లేదు. కావున సంచిక చేతికందినపుడు, లోపలి పుటలు తెఱచుటకు ముందు, చీటీపై మీ పేరు సరిచూచుకొనుడు. తప్పున్నచో కార్యదర్శికి ఒక కార్డు ముక్క వ్రాయుడు. హరీశ్ చంద్రునివంటి గుమాస్తా నడపిన పేటలో అంతమాత్రపు గుమాస్తాపని మనమెల్లరము చేయదగినదే.