అడిగేవాడు తెలియనివాడా? పాలమూరు, నల్లగొండ పల్లెలలో ఆలోచనకర్త ఎంపిక: ఒక చారిత్రక పరిశీలన

మనసు కుంగినప్పుడు, కాపురము చెదిరినప్పుడు, నిద్ర కరువైనప్పుడు ఎవరి యొద్దకు వెళ్ళాలి? కౌన్సెలర్లు, లైఫ్ కోచ్‌లు వచ్చిన తరువాత పుట్టిన ప్రశ్న కాదిది. నల్లగొండ, పాలమూరు మెట్ట పల్లెలకు సహాయకుని ఎంచుకొనే పద్ధతి ముందునుండే ఉన్నది. దానిని మిషను చరిత్ర వెలుగులో పరిశీలించి, నేటి సంఘకాపరికి అది నేర్పే పాఠమును చూపుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అమెరికన్ బాప్టిస్టు మిషను పాలమూరులోను, నల్లగొండలోను కేంద్రాలు స్థాపించినది. తరువాత మెన్నొనైట్ బ్రదరెన్ మిషను నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి ప్రాంతాలకు విస్తరించినది. ఆ మిషను వైద్యురాలు క్యాథరినా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో మరణించేవరకు సేవ చేశారు. 1950లలో జడ్చర్లలో మిషను ఆసుపత్రి వెలసినది. మందులతోపాటు ఒక కొత్త అలవాటు కూడా వచ్చినది. డాక్టరు రోగిని ప్రశ్నలు అడుగుతాడు.

ఈ అలవాటు పల్లెవారికి ఎలా కనబడినదో పాల్ హీబర్ట్ గ్రహించారు. 1932లో షంషాబాద్‌లో జన్మించిన ఆయన మిషనరీ, మానవశాస్త్రవేత్త. పాలమూరు జిల్లా కొండూరు గ్రామముపై ఆయన గ్రంథము 1971లో వెలువడినది. ఆయన వివరణ ప్రకారము, సాధువు ఏమీ అడగడు, దేవునికి అన్నీ తెలుసు గనుక. మంత్రగాడు అడగడు, శక్తులు అతనికి చెబుతాయి గనుక. వైద్యుడు నాడి పట్టి చెబుతాడు, నయమైన తరువాతనే సొమ్ము తీసికొంటాడు. నాటుమందులవాడు మాత్రమే అడుగుతాడు, ముందే డబ్బు తీసికొంటాడు. ఇంగ్లీషు డాక్టరు కూడా అడిగాడు, ముందే ఫీజు తీసికొన్నాడు, హామీ ఇవ్వలేదు. కనుక జనులు మొదట అతనిని నాటుమందులవాని వరుసలో చేర్చారు.

దీనిని అజ్ఞానమని త్రోసివేయరాదు. చేతిలో పైసా లేనివానికి, నయమైతేనే చెల్లించుట మంచి రక్షణ. అయితే దుఃఖము నాడిలో దొరకదు. మనసు వ్యాధికి అడుగుటయే చికిత్సకు ఆరంభము. బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ కనబడుచున్నను, అతడు ఏమి కోరుచున్నాడో ప్రభువు అడిగారు (మార్కు 10). బేతెస్ద కోనేటి యొద్ద 38 ఏండ్ల రోగినీ అడిగారు (యోహాను 5). యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు ఆదరణకర్తలే. అడగకుండా కారణము తేల్చినప్పుడు వారు బాధకులైరి.

కాబట్టి నేటి విశ్వాసి ఆలోచనకర్తను ఎంచుకొనునప్పుడు ఈ సంగతులు గమనించవలెను. మొదటిది, అతడు అడిగి, జవాబు పూర్తిగా వింటాడా? చూడగానే అంతా చెప్పేవానిని అనుమానించాలి. రెండవది, అతని శిక్షణ ఏమిటి? సైకియాట్రిస్టుకు మెడికల్ కౌన్సిల్ నమోదు, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉంటాయి. లైఫ్ కోచ్ అను పేరుకు అట్టి చట్టబద్ధమైన నమోదు లేదు. మూడవది, తప్పక బాగుచేస్తానని హామీ ఇస్తున్నాడా? ఇచ్చేవానిని విడువవలెను. నాలుగవది, మన మాట, మన ఇంటి పరిస్థితి అతనికి అర్థమగునా, రహస్యము దాచునా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గోప్యతను రోగి హక్కుగా గుర్తించినది. కుదరనప్పుడు మరొకరి యొద్దకు వెళ్ళుట ద్రోహము కాదు. ప్రాణము తీసికొనే తలంపు ఉంటే ఆలస్యము చేయక 14416 నంబరుకు ఫోను చేయాలి. 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవ ఇది, తెలుగులోను లభించును.

ఈ లోకపు భయాలకు, రోగాలకు సంఘము జవాబు చెప్పకపోతే విశ్వాసులు తిరిగి మంత్రగాని గడప తొక్కుతారని 1982లో హీబర్ట్ హెచ్చరించారు. కౌన్సెలరు యొద్దకు వెళ్ళుట విశ్వాసలోపమని ప్రసంగించే కాపరి కూడా వారిని ఆ గడపకే పంపుచున్నాడు. కాపరి అడగాలి, వినాలి. తన శక్తికి మించినప్పుడు తగినవాని యొద్దకు పంపాలి, పంపిన తరువాతను ఆ ఇంటికి వెళ్ళుచుండాలి.