లంక ఊళ్లో ఏనుగుల బారు

మా అక్క కూతురు ఆగస్టు ఆఖర్న ఫ్రాన్స్ వెళ్తోంది. అయిదు నెలల ఎక్స్ఛేంజ్ సెమిస్టర్. ఊరు లీల్. మొన్న ఫోన్ చేసి, "పిన్నీ, నువ్వు చదివిందీ అక్కడే కదా, ఏముంటుంది ఆ ఊళ్లో? పారిస్ రాలేదా పాపం అంటున్నారు అందరూ" అంది. నా మనసు చివుక్కుమంది. ఆ ఊరి నడివీధిలో నేను ఏనుగుల బారు చూసి ఈ అక్టోబర్ 14కి ఇరవై ఏళ్లు నిండుతాయి. ఫోన్లో అరగంట చెప్పినా సగం కూడా కాలేదు. దానికి విమానం టైమయ్యేలోగా మిగతాది ఇక్కడ రాసేస్తున్నాను.

లీల్ అంటే లంక. అచ్చంగా అదే అర్థం. డూల్ అనే చిన్న నది పాయల మధ్య, బురదనేలలో కాస్త మెరకగా ఉన్న చోట ఊరు లేచింది. పక్కన డచ్చి మాట్లాడేవాళ్లు దాన్ని రైసెల్ అంటారు, ఆ మాటకీ అదే అర్థం. ఊడిమూడి లంక, బూరుగులంక అని వింటూ పెరిగిన కోనసీమదాన్ని. ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక మహానగరం పేరు లంక అని తెలిసినప్పుడు మా పుట్టింటి వైపు చుట్టాన్ని చూసినట్టే అనిపించింది.

ఊరు పుట్టడానికీ కారణం ఏరే. డూల్ నది అక్కడ ఒక్కసారిగా పల్లానికి దిగుతుంది. పైనుంచి వచ్చిన పడవ కిందికి పోలేదు. సరుకు దింపాలి, గట్టు మీదుగా మోయాలి, కింద ఇంకో పడవకి ఎక్కించాలి. సరుకు దింపిన చోట కూలీలు, కూలీలున్న చోట పూటకూళ్లు, ఆ పక్కనే సంత. 1066 నాటి ఒక దానశాసనంలో ఊరి పేరు కనిపిస్తుంది. 1127 ఆగస్టులో సంత జోరుగా సాగుతుండగా ఫ్లాండర్స్ ప్రభువు తన బానిసనొకణ్ని అక్కడే పట్టుకోబోతే జనం ఆయుధాలు తీసి తిరగబడ్డారు. సంతకొచ్చినవాడి మీద చెయ్యి వెయ్యకూడదు. అప్పటికే అది వాళ్ల పట్టుదల. 1213లో ఫ్రాన్స్ రాజు ఊరు తగలబెట్టాడు. మరుసటేడు దగ్గర్లోని బువీన్‌లో యుద్ధం జరిగింది, అప్పటి ఫ్లాండర్స్ ప్రభువు ఖైదయ్యాడు, ఊరి బాగోగులు ఆయన భార్య జాన్ మీద పడ్డాయి. 1237లో ఆమె కట్టించిన ధర్మాసుపత్రి చోటు ఇప్పుడు మ్యూజియం. తర్వాత ఒక పెళ్లితో రాజ్యం బర్గండీ డ్యూకుల చేతికొచ్చింది.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే మొదలవుతుంది.

1453 మే 29న కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది. యూరప్ అంతా గొల్లుమంది. బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఆ నగరాన్ని తిరిగి గెలవడానికి యుద్ధయాత్ర చేస్తానని ప్రకటించదలచి, లీల్‌లో ఒక విందు పెట్టాడు. 1454 ఫిబ్రవరి 17, గడ్డకట్టించే చలికాలం. ఆ రాత్రి కథ మనకు చేరిందంటే ఒలివియే ద లా మార్ష్ అనే కొలువుమనిషి పుణ్యమే. ఆయన రాసింది చదువుతుంటే మా ఊరి తీర్థంలో నాన్న భుజాలెక్కి చూసినంత ఆనందం నాకు.

హాల్లో మూడు పెద్ద బల్లలు. బల్ల మీద తిండికంటే ముందు వింతలు కనబడ్డాయి. ఒకచోట గంటతో సహా చర్చి, అందులో పాడేవాళ్లు. ఇంకోచోట ఒక పెద్ద పిండివంట, కోసి చూస్తే పూర్ణం బదులు లోపల కూర్చుని వాయిస్తున్న 28 మంది వాద్యగాళ్లు. ఒక కోట, దాని బురుజు మీద సర్పరూపంలో మెలూసిన్ అనే దేవకన్య, కందకంలో నారింజ పరిమళం కలిపిన నీళ్లు. ఒక స్తంభానికి గొలుసుతో కట్టేసిన నిజం సింహం. ఇంకో బల్ల మీద అడవి. ఆ అడవి ఇండియా అడవిలా ఉందని, అందులో వింత మృగాలు ప్రాణమున్నట్టు వాటంతటవే కదిలాయని ఒలివియే రాశాడు. వాస్కో ద గామా కాలికట్‌లో దిగడానికి ఇంకా నలభై నాలుగేళ్లుంది. అక్కడివాళ్లు కళ్లారా చూడని మన దేశం అప్పటికే లీల్ బల్ల మీద ఆకులతో కొమ్మలతో వెలిసింది. ఈ వాక్యం మొదటిసారి లైబ్రరీలో చదివినప్పుడు పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చదివాను.

వింతలు అంతటితో ఆగలేదు. ఒక గుర్రం వెనక్కి నడుస్తూ హాల్లోకి వచ్చింది, దాని మీద ఇద్దరు బాకా ఊదేవాళ్లు వీపుకు వీపు ఆనించి కూర్చున్నారు. నిప్పులు కక్కే డ్రాగన్ తలల మీదుగా ఎగిరిపోయింది. మధ్యలో గ్రీకు వీరుడు జేసన్ కథ నాటకం. బల్ల దగ్గర చోటు దక్కని వాళ్లకోసం గోడవారగా మంచెలు కట్టారు. చూసి పోదామని దూరాల నుంచి వచ్చినవాళ్లు వాటి మీద కిక్కిరిశారు.

అప్పుడొచ్చింది ఏనుగు. తలపాగా చుట్టిన ఒక మహాకాయుడు ఎడమచేత గొడ్డలి పట్టుకుని, కుడిచేత్తో దాన్ని నడిపించుకొచ్చాడు. ఏనుగు మీద పట్టు కప్పారు. దాని వీపున చిన్న కోట, కోటలో తెల్లని శాటిన్ బట్టలు, నల్లని పైవస్త్రం వేసుకున్న స్త్రీ. ఆమె పవిత్ర చర్చి. తన దుర్గతి చెప్పుకుని, నన్ను కాపాడండని వీరులందరినీ పేరుపేరునా వేడుకుంది. ఆ వేషం కట్టింది ఒలివియేనే. కథ రాసిన మనిషే ఏనుగెక్కి కూర్చున్న మనిషి!

అదే ఏడు మా గోదావరి గట్టున రాజమహేంద్రవరం గజపతుల ఏలుబడిలో ఉంది. ఏనుగు మాకు రాజు బిరుదులో ఉంది, వాళ్లకు చర్చి గోడు మోసుకొచ్చే వాహనమైంది. ఎక్కడి ఏనుగు, ఎక్కడి లీల్!

ఆ తర్వాత బంగారు పట్టెడ, రత్నాలు, ముత్యాలు వేసిన ఫెజెంట్ పక్షిని ప్రాణంతోనే తెచ్చారు. నెమలి వంశంలోదే ఆ పక్షి. దేవుడి మీద, మరియమ్మ మీద, కొలువులోని స్త్రీల మీద, ఆ పక్షి మీద ఒట్టేసి డ్యూక్ ప్రతిజ్ఞ చేశాడు. సామంతులు ఒకరి తర్వాత ఒకరు లేచి ఒట్టేశారు. డ్యూక్ మాత్రం ఆ యాత్రకు ఎప్పటికీ బయల్దేరలేదు. 1467లో కన్నుమూశాడు. విందు జరిగిన మేడ ఇప్పుడు లేదు. ఆ రోజుల్లోనే పునాదులు పడిన రియూర్ రాజభవనంలో మిగిలిన చాపెల్ భాగం మాత్రం ఊరి మధ్య ఉంది. మెట్రో స్టేషన్‌కి కూడా దాని పేరే.

తర్వాతి మూడు వందల ఏళ్లు త్వరగా దాటేస్తాను. స్పెయిన్ పాలనలో, 1653లో వ్యాపారుల కోసం వియే బుర్స్ కట్టారు, మధ్యలో వాకిలి, చుట్టూ 24 ఇళ్లు. ఇప్పుడు అదే వాకిట్లో పాత పుస్తకాలు అమ్ముతారు, చదరంగం ఆడుకుంటారు. 1667లో పద్నాలుగో లూయీ ముట్టడించి ఊరు గెలిచాడు. వొబాన్ అనే ఇంజనీరు అయిదు కోణాల నక్షత్రంలాంటి కోట కట్టాడు. 1792లో ఆస్ట్రియా సేనలు ఫిరంగులతో కొడితే ఊరు లొంగలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో లీల్ చూడ్డానికొచ్చినవాళ్లకి కనబడింది నూలు మిల్లుల పొగ. 1851లో విక్టర్ హ్యూగో వచ్చి, కూలీలు భూగర్భపు గదుల్లో కాపురాలుంటున్న తీరు చూసి చలించిపోయాడు. 1854లో లూయీ పాశ్చర్ సైన్సు ఫ్యాకల్టీకి డీన్‌గా వచ్చి, బీట్ దుంపల నుంచి సారా తీసేవాళ్ల ఇబ్బంది వల్ల పులియడం మీద పరిశోధన మొదలెట్టాడు. 1888లో పియేర్ దెగెయితర్ అనే కార్మికుడు ఇక్కడే ఒక పాటకు బాణీ కట్టాడు. యూజీన్ పొతియే రాసిన 'ఇంటర్నేషనల్' అది. విజయవాడ, ఖమ్మం సభల్లో పిడికిళ్లెత్తి తెలుగులో పాడేది ఆ లీల్ బాణీలోనే. మా నాన్న గొంతులో చిన్నప్పుడు విన్నాను. అది ఈ ఊళ్లో పుట్టిందని నాన్నకు ఫోన్లో చెప్పగానే ఆయన ఒక చరణం పాడారు.

ఇక్కణ్నుంచి వరుసగా చెప్పడం నాకు చేతకాదు. ఒకటి తలుచుకుంటే ఇంకొకటి గుర్తొస్తుంది.

2006 ఆగస్టు 27, ఆదివారం నాడు లీల్ ఫ్లాండర్స్ స్టేషన్‌లో దిగాను. ఆ స్టేషన్ ముఖభాగం మొదట పారిస్‌లో ఉండేది, రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. నాకు గది ఇవ్వాల్సిన చోట తాళం. ఆదివారం ఎవరూ ఉండరని ముందు చెప్పిన వాళ్లు లేరు. రెండు పెట్టెలతో స్టేషన్ ఎదురు కాఫీ కొట్లో కూలబడ్డాను. కొట్టామె నన్నూ పెట్టెల్నీ చూసి, ఏమీ అడక్కుండా గుండ్రటి గిన్నెలో వేడిగా ఏదో పోసి ముందు పెట్టింది. వాసన పీల్చగానే మా ఇంటి ఫిల్టర్ మూత తీసినట్టయింది. చికోరీ! ఆ ప్రాంతమంతా చికోరీ పండుతుంది. మనం కాఫీలో కలుపుకుంటాం, వాళ్లు ఒట్టిదే పాలతో తాగుతారు. ఆ గిన్నె రెండు చేతులతో పట్టుకుంటే వేళ్లకు వెచ్చదనం పాకింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాయంత్రం దాకా నన్ను అక్కడే కూర్చోనిచ్చి, రాత్రికి ఒక హాస్టల్‌కి ఫోన్ చేసి పెట్టింది.

వారం తిరక్కుండా బ్రాద్రీ వచ్చింది. సెప్టెంబర్ మొదటి శనాది వారాలు ఊరంతా పాత సామాన్ల సంత. ఒకప్పుడు పనివాళ్లు ఏడాదికొక రాత్రి యజమానుల పాత బట్టలు అమ్ముకోవచ్చని ఇచ్చిన హక్కు నుంచి అది పెరిగిందంటారు. హోటళ్ల ముందు తిన్న ఆల్చిప్పలు కుప్పలు పోస్తారు, ఎవరి కుప్ప ఎత్తయితే వాళ్లదే ఘనత. నీస్ ఉగ్రవాద దాడి తర్వాత 2016లో, కోవిడ్ వల్ల 2020, 2021లలో సంత జరగలేదు. ఆ మూడేళ్లూ నాకు ఇక్కడ బెంగగా ఉండేది.

డ్రైవర్ లేని మెట్రో అక్కడ 1983 నుంచి ఉంది. ముందు అద్దం దగ్గర కూర్చుంటే సొరంగం మనమీదికి వస్తున్నట్టుంటుంది. వజెమ్ బజార్లో ఆదివారం కొత్తిమీర కట్టలు, పుదీనా, పచ్చిమిర్చి దొరుకుతాయి. అమ్మేవాళ్లలో చాలామంది ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మిర్చి కారమా అని ఫ్రెంచిలో అడగడం అక్కడే నేర్చుకున్నాను.

ఇక అక్టోబర్ 14. ఊరి పండుగ ఆ ఏడాది ఇండియా మీద, పేరు 'బొంబేజేర్ ద లీల్'. సాయంత్రం స్టేషన్ తలుపు దాటి రూ ఫెదెర్బ్ వీధిలోకి చూస్తే రెండు వైపులా ఏనుగులు, వీధి చివరిదాకా. ఒళ్లు జలదరించింది. చుట్టూ వేలమంది, పిల్లలు నాన్నల భుజాల మీద. ఏడు వారాలుగా నేను అందరికీ పరాయిదాన్ని. ఆ రాత్రి పక్కనున్న ముసలాయన నా వైపు తిరిగి, "మీ ఊళ్లోవేనా?" అని అడిగాడు. అవునన్నాను. మా ఊళ్లో ఏనుగులు లేవు, అయినా అవునన్నాను.

ఆ నవంబర్లో ఒక ఆదివారం నేనూ, పంజాబ్ నుంచి వచ్చిన స్నేహితురాలూ నవ్ షపెల్ వెళ్లాం. లీల్‌కి పాతిక కిలోమీటర్లు. 1914లో జర్మన్లు లీల్‌ని ఆక్రమించారు. 1915 మార్చి 10 నుంచి 13 దాకా ఇక్కడ జరిగిన పోరులో బ్రిటిష్ సేనలతో పాటు మన సిపాయిలు ముందుకు ఉరికారు. ముందున్న గుట్ట గెలిస్తే ఎదురుగా లీల్. వాళ్లు లీల్ చేరలేదు. పశ్చిమ రంగంలో పోయి, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడి గుండ్రటి గోడ మీద చెక్కి ఉన్నాయి. మధ్యలో కమలం తలగా ఉన్న స్తంభం, దానికి అటూ ఇటూ రెండు పులులు. స్నేహితురాలు తన ముత్తాత పలటన్ పేరు వెతికి, కింద ఉన్న పేర్లు గట్టిగా చదవడం మొదలెట్టింది. సింగ్, సింగ్, ఖాన్, గురుంగ్. పొలాల మీంచి గాలి మాటల్ని ఎత్తుకుపోతోంది. వెలుతురు తగ్గేదాకా చదివాం, ఆమె పలటన్ కూడా పూర్తవలేదు.

ఆ స్మారకం ఆవిష్కరించింది 1927 అక్టోబర్ 7న. వచ్చే ఏడాదికి నూరేళ్లు. మా అక్క కూతురు అప్పటికి తిరిగొచ్చేస్తుంది కాబట్టి ఈ అక్టోబర్ 7నే వెళ్తానంది. తెల్లారి మొదటి రైలెక్కమన్నాను. చీకటి పడేలోగా కొన్ని పలటన్లయినా చదవగలుగుతుంది.