రంగం వెళ్ళిన ఊరి పేరు

కొత్తూరులో మా డాబా ఎక్కితే శంషాబాద్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ, గల్ఫ్‌కు వెళ్ళే కుర్రాళ్ళను సాగనంపడానికి జీపుల నిండా జనం రావడం చూస్తున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న తల్లులను చూసినప్పుడల్లా మా కోరంగి గుర్తుకొస్తుంది. నేను పుట్టిన ఊరది. తాళ్ళరేవు పక్కన, గోదావరి పాయ ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు ఓడరేవు. మా వైపు జనం బర్మాలోని రంగూన్‌కు వలస వెళ్ళేవారు. మా మామ్మ రంగూన్‌ను ‘రంగం’ అనేది. ‘రంగం పోయాడు’ అంటే ఆవిడ లెక్కలో, మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేమని.

కోరంగి అనగానే చదువుకున్నవాళ్ళు తుఫానుల సంగతి ఎత్తుతారు. 1789 డిసెంబరులో మూడు ఉప్పెనలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. 20,000 మంది పోయారంటారు. ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన తుఫానుల్లో అదీ ఒకటి. 1839 నవంబరులో మరొకటి వచ్చింది. దానికి 3 లక్షల మంది బలయ్యారని పుస్తకాలన్నీ రాస్తాయి గానీ, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా ఆనాడు అంతమంది ఉండేవారంటే నాకు నమ్మబుద్ధి కాదు.

నిజానికి మా రేవును చంపింది తుఫాను కాదు, ఒండ్రు. ఒకప్పుడు కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను తెచ్చి బాగుచేసుకోవడానికి వీలైన చోటు కోరంగి ఒక్కటే. పోటు మీద ఓడను పాయలోకి తీసుకొచ్చి, పాటు తీసినప్పుడు అడుగుభాగం చూసేవారు. పై నుంచి టేకు దుంగలు గోదావరి మీదే తేలుతూ వచ్చేవి. పలకల సందుల్లో పీచు కూరి గుగ్గిలం పట్టించేవారు. ఉప్పెన వచ్చి వెళ్ళాక కూడా వడ్రంగులు మళ్ళీ ఉలి పట్టారు. కానీ ఏటేటా మేట వేసే మట్టిని ఎవరు తోడగలరు? పాయ ముఖం పూడిపోయింది, పెద్ద ఓడలు రావడం మానేశాయి. అదే గోదావరి తెచ్చిన ఇసుక సముద్రంలో తిన్నెగా పెరిగి హోప్ ఐలాండ్ అయింది. ఇవాళ కాకినాడ రేవును కెరటాల నుంచి కాపాడుతున్నది ఆ తిన్నే.

రేవు పోయింది గానీ పేరు పోలేదు. పొగ ఓడలు వచ్చాక జనం కాకినాడ, విశాఖల నుంచి రంగం వెళ్ళారు. ఎక్కడ ఎక్కినా, ఏ ఊరివాళ్ళైనా, బర్మాలో తెలుగువాళ్ళందరినీ ‘కోరంగీ’లనే పిలిచారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది వాళ్ళే. 1930 మేలో ఆ రేవు కూలీ పని దగ్గర మొదలైన గొడవల్లో బర్మీయుల చేతుల్లో దెబ్బలు తిన్నదీ, చచ్చిపోయిందీ వాళ్ళే. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఎంతోమంది అడవుల గుండా నడిచి ఇంటిదారి పట్టారు. దారిలో పడిపోయినవాళ్ళ పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఇప్పుడు కోరంగి వెళ్తే మడ అడవి కనిపిస్తుంది. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. చెక్క వంతెన మీద నడిచి, ఫొటోలు దిగి, జనం వెళ్ళిపోతారు. ఆ బురద కింద ఒక రేవు ఉందని వాళ్ళకు చెప్పేవారుండాలి. కొత్త పడవ నీళ్ళలోకి దించేటప్పుడు ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టే అలవాటు మాత్రం మా వైపు ఇంకా ఉంది.

మీ ఇంట్లో రంగం నుంచి వచ్చిన ట్రంకు పెట్టె గానీ, ఉత్తరం గానీ, ఫొటో గానీ ఉంటే పారేయకండి. దాని వెనక ఎవరిదో, ఏ ఊరిదో, ఏ సంవత్సరందో రాసి పెట్టండి. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి.